దంతము చెప్పు వానల కథ

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచునకు చేరినపుడు, మేక ఆకును, ఆవు రెల్లుగడ్డిని మేయుట చూచితిమి. ఈ మేతల భేదము వాటి దంతములలో నిలిచిపోవును. రెల్లు, జొన్న జాతి గడ్డిలో బరువైన కార్బన్-13 పాలు చెట్ల ఆకులలోకంటె హెచ్చు. త్రాగిన నీటి జాడను ఆక్సిజన్-18 తెలుపును. కుండపోత వానలలో అది తగ్గును, చెరువులు ఎండినకొలది పెరుగును. ఇవి స్థిరమగు ఐసోటోపులు; కార్బన్-14వలె క్షయింపవు. కనుక వేలయేండ్ల నాటి దంతమైనను సాక్ష్యమిచ్చును. ఎముక అంత నమ్మదగినది కాదు. మట్టిలోని నీరు దానిని మార్చివేయును.

అసలు అవి మనకు మిగులుటయే కష్టము. ఆమ్లగుణము గల అడవినేల ఎముకలను కరగించును, సున్నపురాతి గుహలు దాచును. అందుచేతనే కర్నూలు సీమలో, బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గం గుహలలో, 1884 ప్రాంతమున రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు పురాతన మృగాస్థులను త్రవ్వి తీయగలిగిరి. ఈ అడవి సీమలో బావి త్రవ్వువారికి దంతమొకటి దొరకినచో పారవేయక, దొరకిన లోతును వ్రాసియుంచుడని మా మనవి.