అయిదు ఊళ్ళు, ఒక రాతిగట్టు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇటలీ వెళ్ళొచ్చారు కదా, పది నిమిషాలు చెప్పండి అన్నారు కార్యదర్శిగారు. రోమ్, వెనిస్ మీరు టీవీలో చూసే ఉంటారు. నేను చెప్పేది వాయవ్య ఇటలీలో, లిగూరియా అనే ప్రాంతంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న అయిదు చిన్న ఊళ్ళ గురించి. మోంటెరోస్సో, వెర్నాజ్జా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె. అన్నింటినీ కలిపి చింక్వే టెర్రె అంటారు. అయిదు నేలలు అని అర్థం. ఈ పేర్లకు నోరు తిరగడానికి మా ఆవిడకు రెండు రోజులు పట్టింది. నాకు ఇప్పటికీ తడబాటే.

మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 మే నెలలో మమ్మల్నిద్దరినీ అక్కడికి తీసుకెళ్ళాడు. రైల్లో దాదాపు మూడు గంటలు. నిజం చెప్పాలంటే నేను ఆ దేశం వెళ్ళింది ఊళ్ళు చూడడానికి కాదు. మదనపల్లె దగ్గర మా నాయన ఇచ్చిన ఎకరంన్నర మెట్టచేను ఉంది. అది అమ్మేద్దామని అబ్బాయి ఏడాదిగా అంటున్నాడు. నాకు మనసొప్పలేదు. ఫోనులో తేలని మాట ఎదురుగా కూర్చుని తేల్చుకుందామని వెళ్ళాను.

ఆ ఊళ్ళ మధ్య రైలు ప్రయాణం నాలుగైదు నిమిషాలే. చాలావరకు సొరంగాలు. చీకటి, చటుక్కున నీలి సముద్రం, మళ్ళీ చీకటి. అలా కిటికీకి అతుక్కుపోయి ఉండగా టికెట్ కలెక్టరు వచ్చాడు. అక్కడ కాగితం టికెట్టును రైలెక్కే ముందే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలట. మేము వేయించలేదు. జరిమానా కట్టించుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు గుండ్రటి స్టాంపు కొట్టి బతికినవాణ్ణి, స్టాంపు లేదని దొరికిపోయాను! మా ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెబుతుంది.

కోర్నీలియా ఒక్కటే కొండమీది ఊరు. స్టేషను నుంచి 370కి పైగా మెట్లు. మేము బస్సెక్కాం, అందులో సిగ్గేమీ లేదు. తిండి భయం కూడా పెట్టుకోకండి. తులసి జాతి ఆకును వెల్లుల్లి, జున్ను, ఆలివ్ నూనెతో నూరి పచ్చడి చేస్తారు. దాన్ని పెస్టో అంటారు. మనవాళ్ళకు బాగా నచ్చుతుంది, కారం ఒక్కటే ఉండదు.

అసలు చూడవలసింది ఊళ్ళ వెనక ఉన్న కొండ. నిలువు కొండను అడుగు నుంచి పైదాకా మెట్లుమెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకూ రాతిగోడ కట్టి, ద్రాక్ష, ఆలివ్ వేశారు. ఇది సుమారు వెయ్యేళ్ళుగా సాగిన పని. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1999లో జాతీయ ఉద్యానవనం చేశారు.

మనరోలా పైన వోలాస్త్రా అనే పల్లె దగ్గర ఒక పెద్దాయన గోడ సరిచేస్తూ కనిపించాడు. నా వయసే ఉంటుంది. అబ్బాయి మాట కలిపాడు. సున్నం, సిమెంటు ఏమీ వాడరట. ముందు పెద్దరాళ్ళు, వెనక చిన్నరాళ్ళు కూరుతారు. వాననీరు సందుల్లోంచి జారిపోతుంది. సిమెంటు పెడితే నీరు నిలిచి గోడ ఉబ్బి పడిపోతుంది. మా నాయన చేసిందీ సరిగ్గా ఇదే. నేనూ ఒక రాయి తీసి పెట్టాను. ఆయన నవ్వి, దాన్ని తీసి, తిప్పి మళ్ళీ పెట్టాడు. చిన్నప్పుడు మా నాయన దగ్గరా ఇదే జరిగింది.

పక్కనే ఉన్న మెట్లు చూపించాడు. పొదలు పెరిగి, గోడలు కూలి ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు పట్నాలకు వెళ్ళిపోయారట. 2011 అక్టోబరు 25న కుంభవృష్టి కురిసి వెర్నాజ్జా, మోంటెరోస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి. ప్రాణాలు కూడా పోయాయి. చూసేవాళ్ళు లేని గోడలు ఆ నష్టాన్ని పెంచాయని అక్కడివారు చెబుతారు.

ఆ రాత్రి పొలం మాట అబ్బాయే ఎత్తాడు. అమ్మకం సంగతి కాదు.

"నాన్నా, మన చేను గట్టు ఎలా ఉంది?" అన్నాడు.

నేను ఆ చేను చూసి పదకొండేళ్ళయింది. అమ్మనని పట్టుబట్టిన మనిషిని, జవాబు చెప్పలేకపోయాను.

జూన్‌లో తిరిగి రాగానే వెళ్ళి చూశాను. గట్టు రెండుచోట్ల కూలి, మట్టి కిందిచేలోకి కొట్టుకుపోయింది. రాతిపని తెలిసిన మనిషి కోసం మూడు ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. నాలుగు రోజుల పని. కూలి డబ్బులు అబ్బాయి పంపాడు. అమ్మాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. సంక్రాంతికి వస్తానన్నాడు, చేను దగ్గరే మాట్లాడుకుందామన్నాడు.

మీలో ఎవరైనా అటు వెళితే మోకాళ్ళ పట్టీలు, కాస్త ఊరగాయ వెంట ఉంచుకోండి. రైలెక్కే ముందు టికెట్టుకు ముద్ర వేయించుకోండి.