పాత ఇంటిలో మిగిలిన తాళపుచెవి
(హోసూరు తెలుగువారి సమావేశమున ఒక వర్తక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను, మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. అయినను మన కార్యాలయపు కంప్యూటరు వలన నేర్చిన పాఠము మీ దుకాణములకును, ఇండ్లకును ఉపకరించునని తలచి విన్నవించుచున్నాను.

ఆ కంప్యూటరులో రెండు డిస్కులు కలవు. ఒకటి పాత హార్డు డిస్కు. రెండవది తరువాత అమర్చిన ఎస్.ఎస్.డి. విండోసు క్రొత్తదానిలో నున్నది. సభ్యుల పట్టికయు, 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట మన బిడ్డల తెలుగు చదువు కొరకు పంపిన విజ్ఞప్తుల నకళ్లును పాతదానిలో నుండెను. ఇటీవల అది టిక్కు టిక్కుమని చప్పుడు చేయసాగెను. స్మార్టు నివేదికలో చెడిన సెక్టర్ల లెక్క దినదినము పెరుగుచుండెను.

ముందుగా కాగితములన్నిటిని వెలుపలి డిస్కునకు నకలు తీసితిమి. ఇది మొదటి పని. మరమ్మతు తనిఖీలు మొదలిడినచో, కొనయూపిరితో నున్న డిస్కు ఆ శ్రమకే ఆగిపోవచ్చును.

పిదప పాత డిస్కును ఊడదీసితిమి. కంప్యూటరు లేవలేదు! విండోసు క్రొత్తదానిలో నుండగా ఇదేమని విస్తుపోతిమి. కారణమిది. విండోసును ఎక్కించిన దినమున రెండు డిస్కులును తగిలించియే యుండెను. పాతదానిలో ఈఎఫ్ఐ అను చిన్న భాగము అప్పటికే యున్నందున, బూటు ఫైళ్లు అందులోనే చేరినవి. యంత్రము మేల్కొనగనే మొదట వెదకునది వానినే. విండోసు ఎచ్చట నున్నదో చెప్పునవి అవియే. క్రొత్త ఇల్లు కట్టి, తాళపుచెవిని పాత ఇంటి గూటిలో వదలినట్లయినది.

పాత డిస్కును మరల తగిలింపగా, దైవవశమున కంప్యూటరు లేచినది. అంతట డిస్క్‌పార్ట్ అను పనిముట్టుతో విండోసు భాగమును కొంత కుదించి, ఆ చోట 300 మెగాబైట్ల ఈఎఫ్ఐ భాగము నేర్పరచి, ఫ్యాట్32 పద్ధతిని ఫార్మాటు చేసి, ఎస్ అను అక్షర మిచ్చితిమి. ఇచ్చట డిస్కు సంఖ్యను రెండుమార్లు సరిచూడవలెను. పొరపడినచో ఉన్నది కాస్తయు తుడిచిపోవును. పిమ్మట నిర్వాహకుని హోదాతో కమాండు తెరచి, ఆంగ్లాక్షరములతో ఈ యాజ్ఞ నిచ్చితిమి: బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ. క్షణములో బూటు ఫైళ్లు క్రొత్త డిస్కున చేరెను.

యంత్రము నాపి, పాతదానిని ఊడదీసి, మరల నడిపితిమి. లేచినది. అప్పుడు గాని పాత డిస్కును మూలకు చేర్చలేదు.

పాత డిస్కు ముందే ఆగిపోయినవారు విండోసు ఎక్కించు యూఎస్‌బీతో యంత్రమును లేపి, షిఫ్టు, ఎఫ్10 మీటలను కలిపి నొక్కి, ఇదే పని చేయవచ్చును. అచ్చట డిస్కుల అక్షరములు మారియుండవచ్చును గనుక ముందు చూచుకొనవలెను. బిట్‌లాకరు గలవారు దాని రికవరీ కీని ముందే కాగితముపై వ్రాసికొనవలెను.

చిట్టా మూయుటకు ముందు నిలువలను ఆవర్జాకు ఎక్కింతుము గదా! డిస్కు విషయమునను అంతే: ముందు నకలు, పిదప తాళపుచెవి, ఆపై పరీక్ష, కడపట వీడ్కోలు. పెద్దలు కూర్చిన విజ్ఞప్తులు మన చేతిలో పోరాదు.

సెలవు.