కిటికీ ప్రక్కన చిత్రశాల
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఛాయాగ్రహణమనగానే పలువురకు స్ఫురించునది పెండ్లిపందిరి, విహారయాత్ర, మంచుకొండ. ఇంటిలో ఒక మూల కదలక పడియున్న ఇత్తడి చెంబును, చేటలోని వంకాయలును చిత్రమునకు తగిన వస్తువులేయని తలచువారు తక్కువ. ఇట్టివానిని పొందికగా అమర్చి తీయునది నిశ్చలవస్తు చిత్రము. దీనికి ఖరీదైన దీపములును, ప్రత్యేకమైన గదియు ఉండితీరవలెనను భయమొకటి వ్యాపించియున్నది. ఆ భయమునకు ఆధారము లేదు. కావలసినవి ఒక కిటికీ, ఒక బల్ల, కొంత ఓపిక.

ఛాయాగ్రహణముతోపాటే ఈ శాఖయు పుట్టినది. తొలినాళ్లలో చిత్రము పడుటకు చాలసేపు పట్టెడిది. అంతసేపు కదలకుండుట మనుష్యునకు కష్టము, పింగాణి పాత్రకు సులభము. ఆంగ్లేయుడగు టాల్బట్ 1844లో ప్రకటింప నారంభించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమున అరలలో వరుసగా పేర్చిన పింగాణి పాత్రల చిత్రము కలదు. దొంగ వానినెత్తుకొనిపోయినచో ఆ చిత్రమే న్యాయస్థానమున మూగసాక్షి కాగలదని ఆయన సూచించెను. అదే గ్రంథమున ‘గ్రంథాలయ దృశ్యము’ అనునది గ్రంథాలయమున తీసినది కాదు. లోపలి వెలుతురు చాలనందున పుస్తకములను ఆరుబయట అరలపై పేర్చి తీసినది. 1930లో అమెరికా ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ వెస్టన్ ఒక సిమ్లా మిరపకాయను రేకు గరాటులో నిలిపి తీసెను. గరాటు వంపునుండి మరలిన వెలుతురు కాయ చుట్టును వ్యాపించి, దాని మడతలకు శిల్పమువంటి నిండుదనమునిచ్చెను. దొరికిన వస్తువుతో పని జరుపుకొనుట ఈ కళలో ప్రథమాచార్యులు చూపిన మార్గమే.

కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ విద్యతో ప్రత్యేకమైన పనియొకటి కలదు. ప్రతి బదిలీకి సామాను కొంత తగ్గును. క్వార్టరు చిన్నదైనచో మరికొంత తగ్గును. అమ్మమ్మ ఇచ్చిన కంచు గిన్నె పాతసామానువాని తూకములోనికి పోవును. రాతిచిప్ప దారిలో పగులును. సన్నికల్లు బరువని వెనుకనే నిలిచిపోవును. పూర్వము రైలు ప్రయాణమున మంచినీరు తీసికొనిపోయిన మరచెంబును చూచి, అదేమియని అడుగు పిల్లలు నేడు అనేక గృహములందున్నారు. వస్తువు పోయిన వెనుక దాని పేరు పోవును. పేరుతో దానినంటియున్న కథయు పోవును. దానిని దాచ చోటు లేకున్నను, దాని రూపమును దాచవచ్చును.

ఇక పని విధానము. ఉత్తరపు కిటికీ మేలైనది. దానిలో దినమున అధికభాగము ఎండ సూటిగా పడదు. మరియొక దిక్కు కిటికీయైనచో పలుచని తెల్లధోవతిని బట్టల క్లిప్పులతో అడ్డముగా కట్టిన, ఎండ చల్లని వెలుతురగును. బల్లను కిటికీ ప్రక్కగా వేయవలెను. వెలుతురు ఒక ప్రక్కనుండి వచ్చినప్పుడే గుండ్రనితనము, నొక్కులు, గరుకుదనము కనబడును. కెమెరా వెనుకనుండి వచ్చు వెలుతురు వస్తువును చదును చేయును. అందుచేతనే ఫ్లాషు పనికిరాదు. వస్తువు కిటికీకి దగ్గరైనకొలది నీడల అంచులు మెత్తబడును.

బల్లపై పెద్ద చార్టుకాగితము పరచి, దాని వెనుక అంచును గోడకు మడత పడకుండ వంపుగా ఎత్తి అంటింపవలెను. అప్పుడు బల్లకును గోడకును నడుమ గీత కనబడదు. కిటికీకి ఎదుటి ప్రక్క నీడ మిక్కిలి నల్లనైనచో, రొట్టెలు చుట్టు అల్యూమినియము కాగితమును అట్టపై అంటించి నిలిపిన, వెలుతురు కొంత మరలి నీడలో పడును. తెల్లని అట్టయైనను చాలును. నీడ చాలనిచో అచ్చటనే నల్లని గుడ్డ నిలుపవలెను. వెలుతురును చేర్చుట యెంత ముఖ్యమో, తీసివేయుటయు అంత ముఖ్యము.

గదిలోని విద్యుద్దీపములను ఆర్పివేయవలెను; రెండు రంగుల వెలుతురు కలిసినచో తెలుపు తెలుపుగా రాదు. రాత్రివేళ బల్లదీపమొక్కటే వాడవచ్చును. చిన్న దీపమును రెట్టింపు దూరమునకు జరిపిన వెలుతురు సుమారు నాల్గవవంతగునని గుర్తుంచుకొనవలెను.

త్రిపాది లేకున్నచో ఒక కిలో కందిపప్పు సంచి చాలును. పుస్తకముల దొంతిపై సంచినుంచి, దానిలో ఫోనును గాని కెమెరాను గాని కుదురుగా ఒత్తి, 2 సెకనుల టైమరు పెట్టిన చేయి వణకు రాదు.

ఇత్తడియు కంచును కొంత చిక్కు పెట్టును. అవి అద్దమువలె గదినంతను, తీయువారిని కూడ ప్రతిబింబించును. తెల్లధోవతిని వస్తువునకు మిక్కిలి చేరువగా కట్టిన, ఆ ప్రతిబింబము తెల్లని మృదువైన మెరుపుగా మారును. తీయువారు నల్లని శాలువ కప్పుకొనిన వారి రూపు కనబడదు. మెరుపు తెల్లగా పాలిపోకుండ ఫోనులో వెలుతురును కొంచెము తగ్గించుకొనవలెను. గాజు సీసా విషయమున పద్ధతి వేరు. వెలుతురు దాని వెనుకనుండి రావలెను.

ఒక హెచ్చరిక. చిత్రము తీయబోవుచు పాతపాత్రను చింతపండుతో క్రొత్తదానివలె తోమరాదు. ఆ నొక్కులును, అరిగిన అంచును, మాట్లు వేసిన జాడయునే ప్రక్క వెలుతురులో చదువదగిన చరిత్ర. పాత్రపై పేరు చెక్కియున్నచో, ఆ అక్షరములపై వెలుతురు ఏటవాలుగా పడునట్లు త్రిప్పవలెను. కంటికి ఆననిది చిత్రమున స్పష్టమగును.

తుదకొక మాట. అచ్చు వేయించిన చిత్రము వెనుక మూడు సంగతులు తప్పక వ్రాయవలెను: వస్తువు పేరు, అది ఎవరిది, ఏ యూరినుండి వచ్చినది. ఇవి చెప్పగల పెద్దలు ఇంట నుండగనే ఈ పని జరుగవలెను. వారిని బల్ల ప్రక్కన కూర్చుండబెట్టి, పిల్లలచేత వ్రాయించుట ఉత్తమము. చిత్రము మరల తీయవచ్చును. ఆ సంగతులను మరల అడుగుటకు ఎల్లప్పుడును వీలుండదు.