హను-మాన్: బలము, బలహీనత

మా రామంతాపూర్‌కు పొరుగుననే నాచారము. నందమూరి తారక రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో అచటిదే. ఆయన 1980లో 'సూపర్ మేన్' అను చిత్రమున నటించిరి. అందును నాయకుని మహిమ ఆంజనేయస్వామి వరమే. కావున 2024 సంక్రాంతికి వెలువడిన 'హను-మాన్' తెలుగువారి తొలి మహావీరచిత్రమన్న మాటను మేమొప్పుకొనజాలము. అయినను దీని దర్శకుడు ప్రశాంత్ వర్మ మెచ్చదగిన పని యొకటి చేసినాడు. మహిమకు హద్దు పెట్టినాడు.

అంజనాద్రి యను కల్పిత గ్రామము. చిల్లర దొంగతనములు చేయు హనుమంతు అను కుర్రవానికి ఆంజనేయుని రక్తబిందువున పుట్టిన మణి నీటిలో దొరకును. దాని శక్తి సూర్యకాంతి యున్నంతసేపే. ప్రొద్దు గ్రుంకెనా, వాడును మనవంటివాడే! సూర్యుడు ఆంజనేయునకు విద్యాగురువన్న కథ నెరిగిన శ్రోతలకు ఈ కల్పనలోని సొగసు విప్పి చెప్పనక్కరలేదు. పైగా తేజ సజ్జా బక్కపలుచని వాడు. పాలెగాని యెదుట నిలిచినపుడు వానికేమగునోయని నిజముగా భయపడుదుము. అక్క అంజమ్మగా వరలక్ష్మీ శరత్‌కుమార్ చూపిన ఆప్యాయత కథకు వెన్నెముక.

ఇక ప్రతినాయకుడు మైఖేల్. మహావీరులందరును తలిదండ్రులు లేనివారే యని తలచి, ఆ పదవికై బాల్యముననే కన్నవారిని చంపినవాడు. విదేశీ వీరగాథలపై ఇంతకంటె పదునైన ఆక్షేపణ మరొకటి మేము చూచి యుండలేదు. ఏమి లాభము? పెద్దవాడైన పిదప వాడు తుపాకులవారిని వెంటబెట్టుకొని తిరుగు మామూలు దుర్మార్గుడే యైనాడు. చేతికందిన వజ్రమును దర్శకుడు జారవిడిచినాడు. హాస్యమును కొన్నిచోట్ల సాగదీసినాడు.

అన్నిటికంటె పెద్ద లోపము తుదిఘట్టమున కలదు. ఆంజనేయస్వామియే దిగివచ్చును. ఆ దృశ్యమునకు జనము చేతులు జోడించిరి; మేమును జోడించితిమి. భక్తికిది పండుగయే. కాని అంతవరకు అడుగడుగున ఎదిగిన కుర్రవాడు ఆ క్షణమున ప్రేక్షకుడైపోయినాడు. కిష్కింధాకాండలో జాంబవంతుడు బలమును గుర్తుచేసినాడే కాని, సముద్రమును తాను లంఘింపలేదు గదా!

పిల్లలకు చూపవచ్చునా యని అడుగు గృహిణులకొక మాట. చూపవచ్చును. అయితే మైఖేల్ బాల్యము, అంజమ్మ మరణము వచ్చు చోట్ల పెద్దలు ప్రక్కన నుండవలెను. కోతికి రవితేజ అరువిచ్చిన గొంతు వారిని మరల నవ్వించును.