ఆటల నడుమ ఎన్నిక

ఆస్ట్రేలియాదేశమున పక్షమునకు పదునెనమండ్రు చొప్పున కోలబంతితో నాడు కాలిబంతియాట యొకటి గలదు. ఏటేట ఆటలు ముగిసిన పిమ్మట సంఘములవారు పదునెనిమిదేండ్ల యువకుల నెన్నుకొందురు. అందు విడువబడినవారికి 2019 సంవత్సరమున మఱియొక ద్వారము తెఱవబడినది. ఆటలు సగము జరిగినంతట, గాయములు మొదలగువానివలన నేర్పడిన ఖాళీలకు మరల నెన్నిక జరుగును. పట్టికలో నడుగున నున్న సంఘమునకే తొలియెంపిక. బలహీనుని నిలువబెట్టు న్యాయమిది.

ఆ యేటనే మార్లియన్ పికెట్ అను నిరువదియేడేండ్లవానిని రిచ్‌మండ్ సంఘము గైకొనెను. సెప్టెంబరు 28వ తేదీని జరిగిన తుదిపోటీయే యాతని మొదటిపోటీ. రిచ్‌మండ్ 89 పాయింట్ల యాధిక్యముతో గెలిచెను. 2021లో హాథార్న్ సంఘము గైకొన్న జై న్యూకోంబ్ తొలిపోటీయందే 14 మారులు ప్రత్యర్థులను బట్టి నిలిపెను.

అయిన నిందొక చిక్కు గలదు. వానిని బెంచిన చిన్నసంఘము తన పోటీలనడుమనే వానిని గోల్పోవును. ఫలము గోయువారు మొక్క నాటినవానిని మఱువరాదు.

చిరకాలము బడిపిల్లలను జూచిన నాకు దోచునది యిది: పదునెనిమిదవయేట వ్రాసిన తీర్పు తుదితీర్పు గాదు. ఒకమారు తప్పిన పిల్లవానిని మీరును రెండవమారు పరీక్షింపుడు.