బొమ్మ ఎవరి చేతిలో ఉండాలి?

(ఆలమూరులో ఉపాధ్యాయుల, సండేస్కూలు టీచర్ల కూడికలో మేము చేసిన ప్రసంగ పాఠము)



తరగతిలో బొమ్మల ఉపయోగమును గురించి మాట్లాడమని మాకు చెప్పారు. బొమ్మలు అందముగా గీయడము నేర్పిస్తామని ఎవరైనా వచ్చి ఉంటే ముందే క్షమాపణ చెప్పుకోవాలి. మాలో ఒకరిద్దరికి తప్ప గీత తిన్నగా రాదు. మేము చెప్పదలచినది వేరు. ఒక బొమ్మను ముందు పెట్టుకొని పిల్లలు తమలో తాము మాట్లాడుకోవాలి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి అంటే ఆ బొమ్మ ఎట్లా తయారు కావాలి? ఇన్నేళ్ళ పనిలో మేము ఎక్కువ పొరపాట్లు చేసినది ఈ విషయములోనే గనుక దీనిని గురించి మాట్లాడే హక్కు కొంత ఉన్నదని అనుకొంటున్నాము.

మొదటి పొరపాటుతోనే మొదలు పెడతాము. నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి గోదావరి పాఠము చెప్పవలసి వచ్చింది. రెండు రాత్రులు కూర్చొని పెద్ద డ్రాయింగ్ షీటు మీద డెల్టా అంతా గీశాము. ధవళేశ్వరము మొదలు సముద్రము వరకు నీలము రంగు, కాలువలకు ఆకుపచ్చ, ఊళ్ళకు ఎర్రచుక్కలు. పైన బద్దీ కట్టి మేకుకు తగిలించాము. బెత్తముతో చూపిస్తూ అడిగితే తరగతి అంతా ఏకకంఠముతో జవాబు చెప్పింది. చూడవచ్చిన వారందరూ పటము బాగున్నదన్నారు. మేమూ పొంగిపోయాము. మరునాడు పటము తీసివేసి ఒక్కొక్కరినీ అడిగితే ముందు వరుసలోని నలుగురు తప్ప ఎవరూ నోరు విప్పలేదు. వెనుక కూర్చున్న వాళ్ళకు అక్షరాలే కనబడలేదట. ముందువాళ్ళు అన్నదే వాళ్ళూ అన్నారు, అంతే.

ఆ పటములో గీత తప్పు లేదు, రంగు తప్పు లేదు. అది గోడ మీద ఉన్నది, బెత్తము మా చేతిలో ఉన్నది. పిల్లవాడు చూడడము తప్ప చేయవలసినది ఏమీ మిగల్చలేదు. పక్కవాడితో మాట్లాడే అవసరము అసలే మిగల్చలేదు.

బొమ్మతో పాఠము చెప్పడము పాత సంగతే. మొరేవియా దేశమునకు చెందిన బిషప్ కొమేనియస్ 1658లో నూరెంబర్గులో పిల్లల కోసము ఒక బొమ్మల పుస్తకము అచ్చు వేయించాడు. బొమ్మలో కనిపించే ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అంకె, క్రింద లాటిన్, జర్మన్ మాటలలో అదే అంకె. పిల్లవాని వేలు బొమ్మ మీద నుండి మాట మీదికి, మాట మీద నుండి బొమ్మ మీదికి తిరుగుతూ ఉండాలని ఆయన ఆలోచన. మూడు వందల అరవై ఏళ్ళు దాటినా మన చార్టులలో చాలావాటికి ఈ అంకెల తెలివి కూడా రాలేదు. అయితే అది ఒక పిల్లవాడికి ఒక పుస్తకము. పదిమంది కలిసి నేర్చుకొనే బొమ్మకు ఇంకొకటి కావాలి.

ఆ ఇంకొకటి మాకు అమెరికా నుండి దొరికింది. 1971లో టెక్సాస్ రాష్ట్రములోని ఆస్టిన్ పట్టణములో తెల్లవారి పిల్లలను, నల్లవారి పిల్లలను, మెక్సికో మూలాలు గల పిల్లలను మొదటిసారిగా ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు గొడవలు వచ్చాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు వచ్చి తరగతులను గమనించారు. టీచరు ప్రశ్న అడుగుతుంది, చేతులు లేస్తాయి, ఒకడికి అవకాశము వస్తే మిగిలినవాళ్ళు ముఖము ముడుచుకొంటారు. వారు బుద్ధులు చెప్పలేదు. పాఠమును ముక్కలు చేసి, ఐదారుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చారు. పాఠము పూర్తిగా తెలియాలంటే మిగిలిన వాళ్ళు చెప్పినది వినక తప్పదు. నిన్నటి వరకు వెక్కిరించిన పిల్లవాని దగ్గర నా పాఠములో ఒక భాగము ఉన్నది! ఇక వెక్కిరిస్తే నష్టము ఎవరికి?

ఇది దూరదేశపు కథ అనుకోకండి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మన పిల్లలకు బడికి రాకముందే తెలిసి ఉంటుంది. ఊరి పిల్లలు ఒక వైపు, పేట పిల్లలు ఒక వైపు, లంకల నుండి వచ్చే పిల్లలు గుమ్మము దగ్గర. ఎవరూ చెప్పనక్కరలేదు, వాళ్ళే సర్దుకొంటారు. మనము చూసి కూడా చూడనట్టు ఊరుకొంటాము.

అందుచేత ఆ గోదావరి పటమునే మళ్ళీ తయారు చేశాము. ఈసారి నాలుగు అట్టలు. మొదటి దానిలో ధవళేశ్వరము బ్యారేజీ, దాని దిగువ నది రెండుగా చీలే చోటు. గౌతమి, వసిష్ఠ అనే పేర్లు ఆ ఒక్క అట్ట మీదనే వ్రాశాము. రెండవ దానిలో ఆలమూరు, జొన్నాడ, వంతెన దాటితే రావులపాలెము. మూడవ దానిలో గన్నవరము అక్విడక్టు, అక్కడ వసిష్ఠ నుండి విడిపోయే వైనతేయ. నాలుగవ దానిలో రాజోలు, అంతర్వేది, సముద్రము. ఒక అట్ట అంచున ఆగిన నీలపు గీత పక్క అట్ట అంచున సరిగా అందుకొంటుంది. నలుగురు పిల్లలకు నాలుగు అట్టలు ఇచ్చి, ఆలమూరు నుండి రావులపాలెము మీదుగా అంతర్వేదికి రోడ్డున పోతే నది పాయలు ఎన్ని దాటాలి అని అడిగాము. రెండవ అట్టవాడికి గౌతమి కనిపిస్తుంది గాని దాని పేరు తెలియదు. వైనతేయను దాటాలని మూడవ అట్టవాడు చెప్పాలి. ఇంకొక ప్రశ్న: అంతర్వేది దగ్గర సముద్రములో కలిసే పాయ పేరేమిటి? నాలుగవ అట్టలో ఆ పేరు లేదు. వేలితో ఎదురు నడచుకొంటూ మొదటి అట్ట దాకా రావాలి. అంటే మిగిలిన ముగ్గురినీ అడుగుతూ రావాలి.

ఇందులోనూ తప్పులు దొర్లాయి. నేల మీద చుట్టూ కూర్చొంటే ఎదుటివానికి పేర్లు తలక్రిందులు. తరువాత ప్రతి పేరును రెండు వైపుల నుండి చదవడానికి వీలుగా వ్రాశాము. అక్షరము అంగుళము ఉండాలి, రంగులు మూడు మించకూడదు. పది రంగులు వేస్తే పిల్లలు రంగులనే చూస్తారు. ఇక అతి పెద్ద చిక్కు: చురుకైన పిల్లవాడొకడు నాలుగు అట్టలూ లాక్కొని తానే జవాబు చెప్పేశాడు. మనకు సంతోషము కలిగించే పిల్లవాడే గాని పని చెడింది. అప్పటి నుండి ఎవరి అట్ట వారి చేతిలోనే, మరొకరు ముట్టరాదు. జవాబు ఎవరిని అడుగుతామో ముందు చెప్పము. ఆ పిల్లవాడు కొంతకాలము మా మీద అలిగాడు కూడా.

ఒక రోజు మాత్రము మేము మరచిపోలేము. రెండవ అట్ట పట్టుకొన్న ఒక ఆడపిల్ల చాలాసేపు దానినే చూస్తూ కూర్చున్నది. ఏడాదిగా మాతో పది మాటలు మాట్లాడి ఉండదు. చివరకు, "ఆయ్, మేస్టారండీ, మా లంక ఏదండీ?" అని అడిగింది. మేము గౌతమిని ఒక్క నీలపు పట్టీగా గీశాము. ఆ పిల్ల ఇల్లు, తోట, పాక, రోజూ దాటి వచ్చే రేవు, అన్నీ మా పటములో నీళ్ళ క్రింద ఉన్నాయి. సుద్దముక్క ఇచ్చాము. నీలము మీద తెల్లగా లంక గీసింది, పడవ ఎక్కడ కట్టేస్తారో చుక్క పెట్టింది. వరద వస్తే ఏ వైపు ముందు మునుగుతుందో చెబుతుంటే ఊరి పిల్లలు ముగ్గురూ నోరు తెరచుకొని విన్నారు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలకు ఆ చుక్క విలువ మేము చెప్పనక్కరలేదు. అప్పటి నుండి ప్రతి అట్ట మీద కొంత చోటు ఖాళీగా వదలుతున్నాము. ఆ ఖాళీ పిల్లలది.

ఇదంతా మేము కనిపెట్టినది కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసము 1980ల చివర నుండి ఇంతకంటె ఎంతో పెద్ద పని చేశారు. పాఠ్యపుస్తకమును చిన్నచిన్న కార్డులుగా విడదీశారు. ప్రతి కార్డుకు గుర్తుగా ఒక బొమ్మ. గోడ మీద నిచ్చెన వంటి పటము. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడే చూసుకొని, ఆ గుర్తు గల కార్డు తెచ్చుకొని, తన జట్టులో కూర్చొంటాడు. ఒక జట్టుకు టీచరు సాయము, ఒక జట్టుకు తోటిపిల్లల సాయము, కొందరికి తామే. ఒక్క టీచరు ఉన్న బడిలో ఐదు తరగతులు నడిచే మార్గము అది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు అక్కడికి వచ్చి చూసి వెళ్ళిన తరువాతనే కన్నడ దేశములో నలి-కలి పుట్టింది.

మన రాష్ట్రములో కూడా 1980లలో బ్రిటిష్ సహాయముతో మొదలైన ప్రాథమిక విద్యా పథకము టీచర్లకు ఆరు సూత్రాలు నేర్పింది. జట్టుపని ఒకటి, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడము ఒకటి, స్థానిక పరిసరాలను వాడుకోవడము ఒకటి. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పటాలూ పెట్టెలూ ఇచ్చింది. చాలాచోట్ల ఆ పెట్టెల తాళము తీయలేదు. చినిగితే జవాబు చెప్పుకోవాలని భయము. 2023 నుండి ప్రభుత్వ పాఠశాలల గోడలకు వ్రేలితో తాకితే కదిలే పెద్ద తెరలు వచ్చాయి. మంచివే. కాని అదీ గోడ మీదనే ఉన్నది. దాని మీద చూపిన బొమ్మను ఆపి, నలుగురేసి పిల్లల చేతిలో తలా ఒక ముక్క పెడితే తప్ప, అది మా మొదటి చార్టుకు పెద్దన్న మాత్రమే.

ఖర్చును గురించి అడుగుతారని తెలుసు. పాత క్యాలెండర్ల వెనుక వైపు, బట్టల కొట్టులో దొరికే అట్టలు, ఉడికించిన మైదా జిగురు. చినిగితే మళ్ళీ చేసుకోవచ్చు గనుక తాళము అక్కరలేదు. సండేస్కూలు టీచర్లు కథా చిత్రాలను కూడా ఇట్లాగే నాలుగు ముక్కలు చేసి, వరుస చెప్పకుండా పిల్లలకు పంచి చూడండి. ఏది ముందో ఏది వెనుకో వాదించుకొంటూ కథ వాళ్ళే చెప్పుకొంటారు. కొంచెము గోల అవుతుంది. పక్క గదిలోని వారికి ముందే చెప్పి ఉంచండి.

వెనుక బల్ల మీద మూడు సెట్లు పెట్టాము. ఒక సెట్టులో ఆ పిల్ల గీసిన లంక ఉన్నది, సుద్ద చెరిగిపోకుండా పైన రంగు దిద్దాము. సభ ముగిసిన తరువాత నలుగురేసి కూర్చొని చూడండి. ఎవరి అట్ట వారే పట్టుకోవాలని మనవి.