వారాల చదువు

అమెరికా విద్యార్థి తన రెక్కల కష్టంతో చదువుకొంటాడని మనవారు తరచు మెచ్చుకొంటారు. మెచ్చుకోదగిన సంగతే. 1862లో చేసిన మోరిల్ చట్టం ఆ దేశపు రాష్ట్రాలకు ప్రభుత్వ భూములిచ్చి, వాటి రాబడితో వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాలలకు దారి తీసినది. మిచిగన్ వ్యవసాయ కళాశాలలో విద్యార్థి దినానికి మూడు గంటలు పొలంలోనో తోటలోనో పనిచేయవలసి ఉండేది. కలవారి బిడ్డలు చేరే హార్వర్డులో తగవులు వేరు: పాఠ్యవిషయాలను విద్యార్థి తానే ఎంచుకొనవచ్చునా, ప్రార్థనకు తప్పక హాజరు కావలెనా అని. ఆ ప్రార్థన నిర్బంధం 1886లో తొలగినది.

ఆ రోజులలోనే మన పేద విద్యార్థి ఎట్లా చదివినాడు? తెలుసుకొనడానికి సింహాచలం నుంచి ఎంతో దూరం పోనక్కరలేదు. అప్పన్నస్వామి ఆలయానికి వంశపారంపర్య ధర్మకర్తలైన పూసపాటివారే 1857లో విజయనగరంలో పాఠశాల స్థాపించినారు. అది 1879లో కళాశాల అయినది.

పల్లె విడిచి వచ్చిన పిల్లవానికి మద్రాసు విశ్వవిద్యాలయం వారి పరీక్ష తరువాతి మాట. ముందు అన్నం పెట్టే ఇల్లు దొరకాలి. ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట. ఏడు ఇళ్ళు కుదిరితే వారం నిండినట్టు. ఏ ఇంట మైల వచ్చినా, ఇల్లాలు పుట్టింటికి వెళ్ళినా ఆ పూటకు పస్తే. వారాలబ్బాయి నీళ్ళు తోడేవాడు, బజారుకు వెళ్ళేవాడు, ఆ ఇంటి పిల్లలకు ఎక్కాలు చెప్పేవాడు. మిచిగన్ విద్యార్థి పనికి గంటల లెక్క ఉన్నది; ఈ పనికి అదీ లేదు. అయినా పెట్టిన తల్లులను తక్కువ చేసి మాట్లాడడానికి నాకు మనసొప్పదు. వారిలో చాలామందికి తమ పేరు వ్రాసుకొనడమే తెలియదు.

బంధువులో గురువులో ఆదుకొన్నవారు అదృష్టవంతులు. తండ్రి పోయిన తరువాత గిడుగు రామమూర్తి విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకొన్నారు. ఆయన సహపాఠి గురజాడ అప్పారావుకు కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారే తమ ఇంట బసా భోజనమూ ఇచ్చినారు. ఆ విద్యార్థి దశలోనే, 1883లో, గురజాడ ఇంగ్లీషులో ‘సారంగధర’ కావ్యం వ్రాసినారు. కలకత్తాలో పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి పునర్ముద్రించినారు. మరుసటి ఏడు అదే ఊరి ఉన్నత పాఠశాలలో ఇరవై అయిదు రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడై, 1886లో బి.ఎ. ముగించినారు.

ఈ ఆచారం ఆ శతాబ్దితో పోలేదు. శ్రోతలకు ఎంతో ప్రియమైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతం నేర్చుకొంటూ ఇదే విజయనగరంలో జోలె పట్టి మధూకరం చేసినారు.

అయితే ఆ వాకిళ్ళు అందరికీ తెరిచి ఉండలేదు. వారమిచ్చేవారు కులం అడగకుండా విస్తరి వేయరు. మాల మాదిగ పిల్లవానికి ఏ వారమూ లేదు. ఆడపిల్లకు వారం మాట అటుంచి, కళాశాల మాటే లేదు.

అమెరికాలోనూ వర్ణభేదం కళాశాలల తలుపులు మూసినది. బానిసగా పుట్టిన బుకర్ వాషింగ్టన్ 1872లో చాలా దూరం నడిచి వర్జీనియాలోని హాంప్టన్ విద్యాలయానికి చేరినాడు. అక్కడి ఉపాధ్యాయిని ఒక గది చూపి ఊడ్వమన్నది. అదే ఆయనకు ప్రవేశ పరీక్ష. తరువాత గదులు శుభ్రపరచి, పొయ్యిలు రాజేసి తన భోజనపు ఖర్చు తానే పెట్టుకొన్నాడు. 1881లో అలబామాలోని టస్కీగీలో తాను విద్యాలయం నడపడానికి పూనుకొన్నప్పుడు, భవనాలకు విద్యార్థుల చేతనే ఇటుకలు చేయించినాడు. మూడు బట్టీలు పాడైనవి. చేతిలో డబ్బు లేక గడియారం తాకట్టు పెట్టి నాలుగవది వేయించినాడు. ఈసారి ఇటుక చక్కగా కాలినది.